కన్నుల సాక్ష్యము

బాలబాలికలారా! కంటితో చూచినదెల్ల నిజమని కొందఱు నమ్ముదురు. చూచినదెల్ల మాయయని మఱికొందఱు వాదింతురు. ఈ రెండు మాటలను ఎంతవఱకు నమ్మవచ్చునో నాకొక రైలు ప్రయాణమున కొంత బోధపడినది. ఆ సంగతి చెప్పెదను, వినుడు.

ఒకనాటి ఉదయమున తెనాలిలో ప్యాసింజరు బండి యెక్కితిని. విజయవాడ పోవలసియుండెను. నా యెదుట నొక విద్యార్థి కూర్చుండెను. అతడు చదువునకై అనుదినము ఆ బండిలోనే పోవుచుండెనట. చేతిలో సెల్‌ఫోను, ఒడిలో పుస్తకముల సంచి కలవు. సంచి మాత్రము తెఱవలేదు. “పరీక్షలు దగ్గఱపడినవి గదా, చదువుకొనవా నాయనా?” అని యడిగితిని.

“చదివి యేమి లాభము మాస్టారూ! ఈ లోకమే నిజము కాదు. ఎవరో మహాబుద్ధిశాలులు కంప్యూటరులో నడుపుచున్న ఆట యిది. మనమందఱము అందులోని బొమ్మలము. దీనికి గుర్తులు ఈ దారిలో రోజును చూచుచున్నాను” అనెను.

నాకు నవ్వు వచ్చినది, కాని ఆపుకొంటిని. ఆ బాలుని ముఖమున పరిహాసము లేదు, దిగులున్నది. “ఆ గుర్తులేవో నాకును చూపుము” అంటిని.

అంతలో మా బండి కదలినట్లు తోచెను. రెండవ వైపు చూడగా ప్లాట్‌ఫారము కదలలేదు. కదలినది ప్రక్క పట్టాలపై నున్న బండి. “చూచితిరా! ఇది మొదటి గుర్తు” అనెను బాలుడు.

“నాయనా! కిటికీ నిండ ఆ బండియే కనబడుచున్నది. రెండు వస్తువుల నడుమ ఎడము మాఱుచున్నదని మాత్రమే కన్ను చెప్పగలదు. కదలినది ఏదో తేల్చుటకు మూడవ వస్తువు కావలెను. ప్లాట్‌ఫారమును చూచి నీవు తేల్చుకొంటివి గదా! కుదుపు లేక సమవేగమున సాగు ఓడలో, మూసిన గదియందున్న వానికి ఓడ కదలుచున్నదో లేదో తెలియదని గెలీలియో 1632లో ప్రకటించిన గ్రంథమున వివరించెను” అంటిని.

బండి బయలుదేఱెను. దగ్గఱి స్తంభములు వెనుకకు పరుగిడుచుండెను. దూరపు తాడిచెట్లు మెల్లగా కదలుచుండెను. పడమట వెలవెలబోవుచున్న చంద్రుడు మాతోడనే వచ్చుచున్నట్లుండెను. ఇదియు గుర్తేయని బాలుడనెను. చంద్రుడు మనకు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరమున నున్నాడు. మనము ముప్పది కిలోమీటర్లు పోయినను అతడు కనబడు దిక్కు మాఱినట్లే తోచదు. అందుచే వెంట వచ్చుచున్నాడని భ్రమింతుము. పట్టాలును దూరమున కలిసిపోవునట్లు కనబడును. కాని ఆ దారి పొడవునను వాని నడుమ ఎడము 1,676 మిల్లీమీటర్లే!

బండి సిగ్నలు కొఱకు ఒక గేటు వద్ద ఆగెను. బాలుడు ఉత్సాహముతో, “అటు చూడుడు! ఆ మోటారు సైకిలు సంఖ్య చివర 77. నిన్న 44, మొన్న 22. జంట అంకెలు నన్ను వెంటాడుచున్నవి” అనెను.

“సంఖ్యల చివర 00 మొదలు 99 వఱకు నూఱు జతలు రావచ్చును. వానిలో జంట అంకెలెన్ని?”

“పది.”

“అనగా దాదాపు పది బండ్లకొకటి అట్టిది కనబడవలెను. ఇప్పుడు అన్నిటిని వ్రాయుము” అని కాగితమిచ్చితిని. ఇరువది బండ్లను వ్రాయగా జంటలు రెండే తేలినవి. మిగిలిన పదునెనిమిదింటిని మనస్సు రోజును విడిచిపెట్టుచుండెను. వెదకినది దొరకినపుడు గుర్తుంచుకొని, దొరకనిదానిని మఱచుట మనస్సునకు సహజము.

బాలుడు కొంతసేపు మౌనముగా నుండి, “అయినను పండితులు కూడ ఈ మాట చెప్పిరి గదా!” అనెను.

చెప్పిరి. గుహలో నీడలను చూచి అవియే లోకమనుకొను బందీలను గూర్చి ప్లేటో వ్రాసెను. త్రాడును చూచి పామని భ్రమించుటను శంకరాచార్యులు దృష్టాంతముగా చూపిరి. 2003లో బోస్ట్రమ్ అను తత్త్వవేత్త ఇట్లు వాదించెను: అట్టి శక్తి రాకముందే నాగరికతలు దాదాపుగా అంతరించునేమో, వచ్చినను అట్టి లోకములను నడుప నిచ్చగింపవేమో, ఈ రెండును కానిచో మనము అట్టి లోకముననే యుండవచ్చును. మూడింటిలో ఒకటి నిజమనెనే కాని, మూడవదే నిజమని తేల్చలేదు. నీ గుర్తులు వీగిపోయినంతమాత్రమున ఆ సందేహము తీఱదు. కాని తీఱని సందేహము వేఱు, ఋజువైన సత్యము వేఱు.

నే నిట్లు చెప్పుచుండగనే కృష్ణా కెనాలు స్టేషను వచ్చెను. జామకాయల గంపతో దిగబోవుచున్న యొక అవ్వ తూలెను. గంప ఒఱిగి కాయలన్నియు పెట్టెలో దొర్లెను. “అయ్యో, నా కాయలు!” అని ఆమె కన్నీరు పెట్టుకొనెను. బాలుడు సెల్‌ఫోను బల్లపై విడిచి, వంగి వంగి కాయలేఱి గంపలో నింపి, ఆమెను చేయిపట్టి దింపెను. “చల్లగా ఉండు నాయనా!” అని ఆమె దీవించెను.

అతడు వచ్చి కూర్చుండగా, “ఆటలోని బొమ్మ కాయలకై అంత తొందర యేల?” అంటిని.

“ఆమె ఏడ్చుచున్నది గదా మాస్టారూ!”

“అదియే సమాధానము. అన్నిటిని సందేహింపవచ్చును, కాని సందేహించువా డొకడున్నాడని ఒప్పుకొనక తప్పదని డెకార్ట్ 1641లో నిరూపింప యత్నించెను. అట్లే, బాధపడువానికి తన బాధ అబద్ధము కానేరదు. లోకము దేనితో నిర్మితమైనను, ఇతరుల బాధను తీర్చుట మన పని. అందులకు చదువు కావలెను.”

బండి కృష్ణానది వంతెనపైకి వచ్చెను. క్రింద నీరు ఎండకు మెఱయుచుండెను. బాలుడు సంచి తెఱచి, లెక్కల పుస్తకము తీసెను.

ప్రశ్నలు

1. ప్రక్క బండి కదలినపుడు మన బండియే కదలినట్లు ఏల తోచును?
2. జంట అంకెలు తనను వెంటాడుచున్నవని బాలుడు ఏల భ్రమించెను?
3. ‘తీఱని సందేహము వేఱు, ఋజువైన సత్యము వేఱు’ అను వాక్యమును వివరింపుడు.