చేపల తొట్టి స్టాండు: మట్టం చూశారు, మెలి చూశారా?

చేపల తొట్టికి సొంతంగా స్టాండు చేసుకుంటున్నామని, ఒకసారి వచ్చి చూసి చెప్పమని మా వీధి కుర్రవాళ్లు పిలుస్తుంటారు. వడ్రంగంలో తల నెరిసినవాణ్ణి కాబట్టి వెళ్తాను. స్టాండు నడుమ రసమట్టం పెట్టి, బుడగ గీతల మధ్య నిలిచిందని సంతోషంగా చూపిస్తారు. ఆ ఒక్క చూపుతో పని పూర్తి కాదు. వాళ్లకు చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు బరువు లెక్క కట్టండి.

నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టిలో కాస్త వెలితిగా నింపినా 240 లీటర్ల నీళ్లు పడతాయి. లీటరు నీళ్లంటే కిలో బరువు. 10 మి.మీ. అద్దంతో కట్టిన తొట్టి 50 కిలోల దాకా తూగుతుంది. గులకరాళ్లు ఇంకో 30 కిలోలు. మొత్తం 320 కిలోలు రాత్రీ పగలూ ఒకే చోట, ఏళ్ల తరబడి ఉంటాయి. ఖాళీ స్టాండు మట్టంగా నిలవడం తేలిక. ఇంత బరువు కింద కూడా అది అలాగే నిలవాలి.

2. నేల సమంగా ఉందని అనుకోవద్దు.

మన ఇళ్లలో నేలకు వాటం ఇస్తారు. కడిగిన నీళ్లు గుమ్మం వైపో తూము వైపో జారిపోవాలని మేస్త్రీ కావాలనే అలా పరుస్తాడు. తాండూరు రాళ్లో బేతంచర్ల రాళ్లో పరిచిన పాత గదుల్లోనూ, వరండాల్లోనూ, బాల్కనీల్లోనూ ఈ వాటం ఎక్కువ. టైల్సు పరిచిన కొత్త ఇంట్లో కూడా ఒక టైలు అంచు పక్కదాని కన్నా వెంట్రుకవాసి పైకి లేచి ఉండవచ్చు. స్టాండు కాలు సరిగ్గా ఆ అతుకు మీద పడితే చిక్కే. తొట్టి ఈశాన్యాన ఉండాలా, ఉత్తరాన ఉండాలా అని చాలామంది అడుగుతారు. నేల ఎటు వాలిందో కూడా అంత శ్రద్ధగా కనుక్కోండి. చెంబుడు నీళ్లు ఒలికిస్తే అవే చెబుతాయి. మేడ మీది గదిలో అయితే నడిమధ్యన కాకుండా గోడ వారగా, కింద దూలం ఉన్న దగ్గర పెట్టుకోండి.

3. రసమట్టాన్నే ముందు పరీక్షించండి.

ఒక చోట పెట్టి బుడగ ఎక్కడుందో చూసుకోండి. అదే చోట కుడి కొన ఎడమకు వచ్చేలా తిప్పి పెట్టండి. బుడగ మళ్లీ అక్కడే నిలిస్తే పనిముట్టు మంచిదే. పక్కకు జరిగితే దాన్ని నమ్మి కొలవకండి. జానెడు రసమట్టం నాలుగడుగుల స్టాండుకు చాలదు. వంకర లేని అల్యూమినియం బద్ద పరిచి, దాని మీద పెట్టి చూడండి. ఇంకా పెద్ద తొట్టి అయితే మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టానికి మించింది లేదు. గొట్టంలో గాలి బుడగలు లేకుండా చూసుకుంటే చాలు. ఫోన్‌లో వచ్చే మట్టం యాప్ తొలి చూపుకు పనికొస్తుంది గానీ, ఆఖరి మాట దాని మీద వదలకండి. ఫోన్ వెనక కెమెరా ఉబ్బెత్తుగా ఉంటే ఆ మేరకు లెక్క తప్పుతుంది.

4. మట్టం వేరు, మెలి వేరు.

నేను చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది. స్టాండు పైభాగంలో రెండు రకాల తప్పులుంటాయి. మొదటిది వాలు. పైభాగమంతా చదునుగానే ఉంటుంది, మొత్తంగా ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. రెండోది మెలి. మూడు మూలలు ఒక చదునులో ఉంటాయి, నాలుగోది వాటితో కలవదు.

వాలు అందరికీ కనబడుతుంది. నీళ్లు నింపగానే నీటి గీత ఒక పక్క అద్దం అంచుకు దగ్గరవుతుంది, ఇంటావిడ వెంటనే పట్టేస్తుంది. కానీ లెక్క వేసి చూడండి. పైన చెప్పిన కొలతల తొట్టి నిండా ఉంటే, ముందు అద్దాన్ని నీళ్లు సుమారు 120 కిలోల బలంతో తోస్తాయి. తొట్టి ముందుకు 5 మి.మీ. వాలితే ఆ తోపు నూటికి ఒక వంతే పెరుగుతుంది. చూపుకు బాగుండదు, సరిచేసుకోవలసిందే, కానీ అద్దం దానికే పగలదు.

మెలి అలా కాదు. కట్టె మెలి తిరిగిన నులక మంచం మీద కూర్చుంటే ఒక కోడు పైకి లేస్తుంది, పడుకుంటే నులక సర్దుకుంటుంది. గాజుకు ఆ సర్దుబాటు లేదు. మూడు మూలల మీద కూర్చున్న తొట్టి, నీళ్లు పడే కొద్దీ నాలుగో మూల వైపు వంగాలని చూస్తుంది. అడుగు అద్దం వంగనంటుంది, సిలికాన్ అతుకు సాగుతూ పోతుంది. ఒకనాడు మూల దగ్గర తడి కనిపిస్తుంది, లేదా మూల నుంచి అడుగు అద్దం మీద బీట పారుతుంది. అద్దం నాసిరకమని దుకాణం వాడిని తిట్టేవాళ్లను చూశాను. అలాంటి చోట్ల బద్ద పెట్టి చూస్తే చాలాసార్లు స్టాండులోనే మెలి దొరికింది.

నాలుగడుగుల పొడవున 2, 3 మి.మీ. వాలు ఉంటే నేను సరేనంటాను. మెలి మాత్రం ఒక మిల్లీమీటరు దాటితే ఒప్పుకోను.

5. మెలి పట్టుకోవడానికి రెండు దారాలు చాలు.

ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఒక దారం, మిగతా రెండు మూలల మధ్య ఇంకొకటి బిగించి కట్టండి. రెండూ నడుమ ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉండాలి. సందు కనిపిస్తే మెలి ఉన్నట్టే. ఆ సందు ఎంత ఉంటే నాలుగో మూల దానికి రెట్టింపు తప్పినట్టు. ఒకసారి చూసి వదిలేయకండి. పైదారం కిందికి, కిందిది పైకి మార్చి మళ్లీ చూడండి. మొదటిసారి పైదారాన్ని కిందిది ఎత్తి పడితే సందు కనబడదు.

మూలమట్టం పెట్టి, మూలల మధ్య ఐమూల కొలత సమానంగా వచ్చింది కదా అంటారు కొందరు. ఆ కొలత చట్రం నలుచదరంగా ఉందని మాత్రమే చెబుతుంది. మెలి సంగతి దానికి తెలియదు.

6. తప్పు పుట్టే చోటే ఆపండి.

ఇనుప స్టాండయితే వెల్డింగ్ వేడికి గొట్టం లాగేస్తుంది. ముందు అన్ని మూలలకూ టాకాలు వేయించి, దారాలు పట్టి చూసి, ఆ తర్వాత ఎదురెదురు మూలలు మార్చి మార్చి పూర్తి వెల్డింగ్ చేయమనండి. పైన వెల్డింగ్ బొడిపెలు మిగలకుండా గ్రైండింగ్ చేయించండి. చెక్కయితే బాగా ఆరిన కలప, నీటికి తట్టుకునే ప్లైవుడ్ వాడండి. రంపపు పొట్టుతో చేసిన బోర్డు జోలికి పోవద్దు, తడి తగిలితే ఉబ్బుతుంది. పై చట్రం కాళ్ల నెత్తి మీద కూర్చోవాలి. పక్క నుంచి బిగించిన స్క్రూల మీద బరువంతా వేలాడకూడదు.

7. ప్యాకింగ్ కాళ్ల కిందే.

తొట్టికీ స్టాండుకూ మధ్య ఏ మూలనా ముక్క దూర్చవద్దు, బరువంతా ఆ ముక్క మీద పడుతుంది. స్టాండు కాళ్ల కింద ఎత్తు సర్దే ప్యాకింగ్‌గా మడిచిన అట్టముక్కలూ వద్దు, తడిసి అణిగిపోతాయి. అల్యూమినియం రేకు, గట్టి ప్లాస్టిక్, గ్రానైటు ముక్క ఏదైనా సరే, కాలి పాదమంత వెడల్పున పెట్టండి. ఇనుప కాళ్లకు అడుగున నట్టు వెల్డింగ్ చేయించి బోల్టు బిగిస్తే తిప్పుకుంటూ సర్దుకోవచ్చు. బోల్టు కింద పలక పెట్టకపోతే టైలు పగులుతుంది.

ఒక హెచ్చరిక. నేల వంకరైతే ప్యాకింగ్ పనిచేస్తుంది. స్టాండే మెలి తిరిగితే ప్యాకింగ్ ఊగడాన్ని ఆపుతుందే తప్ప పైభాగాన్ని చదును చేయదు. అప్పుడు స్టాండును విప్పి సరిచేయాలి.

8. థర్మోకోల్ మందు కాదు.

తొట్టి అడుగున పరిచే థర్మోకోల్ చిన్న ఇసుక రేణువునూ పెచ్చునూ మింగుతుంది, అందుకు తప్పక వేయండి. మెలిని మింగలేదు. అడుగు అద్దం నేరుగా స్టాండుకు ఆనే తొట్టికే వేయాలి. కింద ప్లాస్టిక్ చట్రం ఉన్న రకానికి వద్దు.

9. నీళ్లు విడతలుగా పోయండి.

పావు వంతు నింపి ఆగండి. నాలుగు మూలలా నీటి గీత నుంచి అద్దం పై అంచుకు కొలవండి. తొట్టికీ స్టాండుకూ మధ్య విజిటింగ్ కార్డు మందం కాగితంతో చుట్టూ తడిమి చూడండి, ఎక్కడా దూరకూడదు. సగానికి, ముప్పావుకు, నిండాక మళ్లీ చూడండి. మర్నాడు ఇంకోసారి కొలిచి, చేపల్ని ఆ తర్వాతే వదలండి. వానాకాలం గడిచాక చెక్క స్టాండును తప్పక చూడాలి.

తేడా కనిపిస్తే నీళ్లు తోడెయ్యండి. నిండు తొట్టిని గడ్డపారతో ఒక మూల ఎత్తి ముక్క దూర్చే పని దయచేసి ఎవరూ చేయవద్దు. ఇంట్లో పసిపిల్లలు ఆ అద్దానికి ముఖం ఆనించి నిలబడతారు.