డబ్బిస్తే సరుకు మనదేనా? - యూదు ధర్మశాస్త్రంలో కొనుగోలు

ఒకాయన గోధుమలు బేరమాడాడు. డబ్బు లెక్కపెట్టి ఇచ్చేశాడు. "సరుకు మీ అటకమీదే ఉండనివ్వండి, రేపు బండి తెచ్చి పట్టుకెళతాను" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఇల్లంటుకుంది. కాలిపోయిన గోధుమలు ఎవరివి? డబ్బిచ్చినవాడివా, పుచ్చుకున్నవాడివా?

మన దేశంలో 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం, ఫలానా సరుకని తేలి, అది అప్పగించడానికి సిద్ధంగా ఉండి, వేరే ఉద్దేశం కనబడనప్పుడు, ఒప్పందం కుదిరిన క్షణంలోనే హక్కు కొన్నవాడికి వెళుతుంది. సాధారణంగా నష్టమూ హక్కు వెంటే పోతుంది. ఇదే ప్రశ్నకు యూదు ధర్మశాస్త్రం మరో జవాబు చెప్పింది. ఆ జవాబుకన్నా దాని వెనక ఉన్న ఆలోచన మనం పరిశీలించదగ్గది.

అసలు సూత్రం

క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా ప్రకారం, చరాస్తి విషయంలో డబ్బు చెల్లించినంత మాత్రాన సరుకు చేతులు మారదు. కొన్నవాడు దాన్ని తనవైపు లాక్కోవాలి. దీన్ని 'మెషీఖా' అంటారు. లేదా పైకెత్తాలి. అది 'హగ్బహా'. లాగడం నడివీధిలో చెల్లదు. అమ్మేవాడి ఆవరణలోనూ మామూలుగా చెల్లదు. పక్క సందులోకో, ఇద్దరికీ చెందిన చోటికో తేవాలి. ఎత్తడం మాత్రం ఎక్కడైనా చెల్లుతుంది. అందుచేత కొట్లో జరిగే చిల్లర బేరాలకు ఇదే ముఖ్యం. బేరం తెగి, కొనే ఉద్దేశంతో ఎత్తాడా, డబ్బు ఇంకా ఇవ్వకపోయినా సరుకు అతనిదే. ఇక మిగిలేది బాకీ మాత్రమే. భూముల సంగతి వేరు. వాటికి డబ్బు, దస్తావేజు, స్వాధీనం అని మూడు మార్గాలు చెప్పారు.

ఎందుకిలా?

తాల్ముద్‌లో ఇద్దరు పండితులు ఇక్కడ విభేదించారు. లాక్కోవడమే తోరా చెప్పిన విధి అన్నాడు రేష్ లకీష్. రబ్బీ యోహానాన్ ఒప్పుకోలేదు. తోరా ప్రకారం డబ్బుతోనే హక్కు వస్తుంది, ఆ పద్ధతిని పెద్దలు మార్చారు అన్నాడు. మార్చడానికి కారణం మన కథలోని అగ్గే! సరుకు అప్పటికే పరాయిదైతే, ఇల్లంటుకున్నప్పుడు దాన్ని కాపాడ్డానికి అమ్మినవాడు శ్రమపడడు. "నీ గోధుమలు అటకమీద కాలిపోయాయి" అని చేతులు దులుపుకుంటాడు. సరుకు ఇంకా తనదేనంటే ప్రాణంపెట్టి కాపాడతాడు. అంటే, కాపాడగల చోట ఉన్నవాడిమీదే నష్టభారం ఉంచారన్నమాట.

ఈ తర్కం ఎంత గట్టిదో ఒక మినహాయింపు చూస్తే తెలుస్తుంది. సరుకున్న ఇల్లు కొన్నవాడిదే అయి, అమ్మినవాడు అందులో అద్దెకుంటే? అప్పుడు డబ్బు ఇవ్వడంతోనే హక్కు వచ్చేస్తుందని మైమొనిడీస్ 12వ శతాబ్దంలో రాశాడు. సరుకు కొన్నవాడి అధీనంలోనే ఉంది కనుక పెద్దల భయానికి అక్కడ తావులేదు.

కొట్టు ముందు రెండు తగాదాలు

ఒకడు మాంసం కొట్టుకి వెళ్ళి తొడ ముక్క ఒకటి పైకెత్తాడు. అంతలో గుర్రపు రౌతు ఒకడొచ్చి లాక్కుపోయాడు. కొట్టువాడికి డబ్బు ఎవరివ్వాలి? ఎత్తినవాడే ఇవ్వాలని రవ్ యెమార్ తీర్పు చెప్పాడు. అయితే తాల్ముద్ ఒక షరతు జతచేసింది: ధర ముందే తెలిసి ఉండాలి. ధర తేలకముందు ఎత్తితే అది ఇంకా కొట్టువాడిదే.

రెండోది పసివాడి సంగతి. తండ్రి చేతికి నాణెమిచ్చి నూనెకు పంపాడు. కొట్టువాడు నూనె కొలిచి, మిగతా చిల్లర కూడా చేతిలో పెట్టాడు. పిల్లవాడు దారిలో సీసా పగలగొట్టి, చిల్లర పారేసుకున్నాడు. నష్టం కొట్టువాడిదే అంది మిష్నా. పిల్లవాడి చేతికిస్తే తండ్రికి అందినట్టు కాదు కదా! "తండ్రి పంపిందే అందుకు" అని రబ్బీ యెహూదా మాత్రం వాదించాడు.

మాట సంగతేమిటి?

డబ్బు ముట్టినా సరుకు ఎత్తకపోతే ఇద్దరిలో ఎవరైనా వెనక్కి తగ్గవచ్చు. కోర్టు బలవంతపెట్టదు. కానీ ఊరుకోదు కూడా. జలప్రళయం నాటి జనాన్ని శిక్షించినవాడే మాట తప్పినవాణ్ణీ శిక్షిస్తాడని శాపవచనం వినిపిస్తుంది. డబ్బు కూడా ఇవ్వక నోటిమాటే అనుకుంటే శాపం లేదు. అయినా తప్పినవాడు నమ్మదగనివాడని రబ్బీ యోహానాన్ అభిప్రాయం. మాటకు పరువు, డబ్బుకు దైవభయం, ఎత్తితే చట్టం - ఇలా మూడు మెట్లు.

కాలంతోపాటు వాడుక కూడా ప్రమాణమైంది. ఒక ఊళ్ళో వర్తకులు చేతిలో చెయ్యి వేస్తే, లేదా తాళంచెవి ఇచ్చేస్తే బేరం ముగిసినట్టు భావిస్తుంటే, అక్కడ అదే చెల్లుతుందని జోసెఫ్ కారో 'షుల్హాన్ ఆరూఖ్' చెబుతుంది. ఈ గ్రంథం 1565లో వెనిస్‌లో అచ్చయింది.

ఇప్పుడు మళ్ళీ గోధుమల దగ్గరికి వద్దాం. అక్కడ వేరే వాడుక ఏదీ లేకపోతే నష్టం అమ్మినవాడిది, డబ్బు తిరిగి ఇచ్చెయ్యాలి. ఈ తీర్పు మనకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. కానీ హక్కు ఎవరిదని అడిగే ముందు "నిప్పంటుకుంటే నీళ్ళ బిందె ఎవరు ఎత్తుతారు?" అని అడిగిన ఆ పండితుల లోకజ్ఞానం న్యాయశాస్త్రం చదివే ప్రతివాడూ గుర్తుంచుకోదగ్గది.