మార్కులకు బహుమతిగా కుక్కపిల్ల వద్దు

పరీక్షల్లో మంచి మార్కులు తెస్తే కుక్కపిల్లను కొనిపెడతామని మాటిచ్చే అమ్మానాన్నలు మన హయత్‌నగర్ కాలనీల్లో చాలామందే ఉన్నారు. ఆ మాట వెనక ప్రేమే ఉంది. కానీ సైకిల్ కొనిచ్చినట్టు కుక్కను కొనివ్వకండి. పిల్లలు అడిగేది ఫోన్‌లో చూసిన జాతిని. అది బతకాల్సింది మీ ఇంట్లో, మీ వేళల మధ్య.

ముందు మీ రోజు ఎలా గడుస్తుందో చూసుకోండి. నాన్న పొద్దున్నే ఎల్బీనగర్ వెళ్లి మెట్రో ఎక్కితే రాత్రికి గానీ రాడు. అమ్మకూ ఉద్యోగం ఉండి, పిల్లలకు బడి తర్వాత ట్యూషన్ ఉంటే పగలంతా ఇంటికి తాళమే. తాళం వేసిన ఇంట్లో ఏ జాతి కుక్కా బాగుండదు. మొరుగుతుంది, చెప్పులూ సోఫాలూ కొరుకుతుంది, పక్క పోర్షన్ వాళ్లతో పేచీ మొదలవుతుంది. ఇంట్లో నానమ్మో తాతయ్యో ఉండి, వాళ్లకూ ఇష్టమైతేనే ముందుకెళ్లండి. వాళ్లను అడగకుండా ఆ చాకిరీ వాళ్ల నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

ఏళ్ల లెక్క కూడా చూడాలి. లాబ్రడార్ 10 నుంచి 12 ఏళ్లు బతుకుతుంది. ఐదో తరగతిలో దాన్ని ఎత్తుకుని ముద్దాడిన పిల్ల ఇంటర్‌కు హాస్టల్లో చేరేనాటికి దానికి ఐదారేళ్లు. బీటెక్ అయ్యేసరికి అది ముసలిది. ఆ ఏళ్లన్నీ అన్నం పెట్టేదీ, పొద్దున్నే బయట తిప్పేదీ మీరే. అందుకే మీ కుక్క అనుకునే తెచ్చుకోండి.

పిల్లలు అడిగేది హస్కీ అయితే వద్దనే చెప్పండి. సైబీరియా మంచులో బండ్లు లాగడానికి పెంచిన కుక్క అది, ఒంటి మీద రెండు పొరల బొచ్చు. 40 డిగ్రీలు దాటే మే నెలలో, కరెంటు పోయిన గదిలో దాన్ని ఉంచడం హింస. ఎందుకు వద్దంటున్నారో వివరిస్తే పిల్లలకు అర్థమవుతుంది. 2003లో హచ్ ఫోన్ ప్రకటన వచ్చాక అందరికీ ముద్దొచ్చిన పగ్‌కూ ఎండ కష్టమే. కుక్కలు రొప్పుతూ ఒళ్లు చల్లబరుచుకుంటాయి. ముక్కు చప్పిడిగా ఉన్న పగ్‌కు ఆ ఊపిరే సరిగా ఆడదు.

లాబ్రడార్ పిల్లలతో కలిసిపోతుంది, నిజమే. అయితే 30 కిలోల దాకా పెరుగుతుంది. రోజూ నడక లేకపోతే ఒళ్లు చేసి, కీళ్లు దెబ్బతింటాయి. 150 గజాల్లో జాగా వదలకుండా ఇల్లు కట్టాక తిప్పడానికి మిగిలేది కాలనీ రోడ్లే. విజయవాడ హైవే పక్కకు తీసుకెళ్లకండి. హరిణ వనస్థలి దగ్గరే అయినా అది కృష్ణజింకల కోసం కాపాడుతున్న చోటు. వేసవిలో ఎండ ముదరకముందే తిప్పి తీసుకురావాలి, తారు రోడ్డు వేడికి పాదాలు బొబ్బలెక్కుతాయి. 2005లో తపాలా స్టాంపుల మీదికెక్కిన రాజపాళయం, ముధోల్ మన దేశపు జాతులే, ఎండ తట్టుకుంటాయి. కానీ అవి పరుగెత్తే వేటకుక్కలు. అబ్దుల్లాపూర్‌మెట్ వైపు తోట ఉన్నవాళ్లకు సరే, రెండు గదుల పోర్షన్‌లో వద్దు.

నన్నడిగితే, ఇక్కడి ఇళ్లకు ఎక్కువగా నప్పేది మన వీధుల్లో పుట్టే నాటు కుక్కపిల్లే. ఈ ఎండకు అలవాటుపడ్డ ఒళ్లు దానిది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధి కుక్కలు చంపాయి. అది గుర్తున్నవాళ్లకు నా మాట వింటే గుండె ఝల్లుమంటుంది. ఆ భయం సబబైనదే. గుంపుగా, అదుపు లేకుండా తిరిగే కుక్క వేరు, చిన్నప్పటి నుంచీ మనుషుల చేతుల్లో పెరిగిన కుక్క వేరు. 2025 ఆగస్టులో జీహెచ్‌ఎంసీ బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో నాటు కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్ కూడా దత్తతకు ఇస్తుంది. ఎక్కడి నుంచి తెచ్చినా 8 వారాలు నిండనిదే తల్లి నుంచి వేరు చేయకండి. అంతకన్నా చిన్నవాటిని అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. మూడు నెలలకు రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు ఏటా.

ఏ జాతైనా సరే, పసిపిల్లలను దాని దగ్గర ఒంటరిగా వదలకండి. తినేటప్పుడు, పడుకున్నప్పుడు ముట్టుకోవద్దని నేర్పండి. గీరినా, కరిచినా సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వేసవి సెలవుల్లో మాత్రం తేకండి. అప్పుడు ఇంట్లో అందరూ ఉంటారు. జూన్‌లో బడులు తెరిచాక పగలు ఇంట్లో ఎవరు మిగులుతున్నారో చూసుకుని, అప్పుడు తెచ్చుకోండి.