చేవ్రాలు కనబడని చెల్లింపు

తెలుగున చేవ్రాలు, ఉర్దూలో దస్తఖత్. రెండు మాటలకును చేతివ్రాత యనియే అర్థము. ఆ వ్రాతను పోల్చియే బ్యాంకు గుమాస్తా పూర్వము సొమ్మిచ్చెడివాడు. ఇంటర్నెట్ చెల్లింపులో చేయియు కనబడదు, కార్డును కనబడదు. పెన్‌పహాడ్‌లో కూర్చుండి పరీక్ష రుసుము కట్టు విద్యార్థిని బ్యాంకు ఎట్లు గుర్తించును?

కార్డుపైనున్న అంకెలు చూచినవారెవరైనను వ్రాసికొనవచ్చును. అందుచేత రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1 నుండి, కార్డుపై కనబడని మరియొక ఆధారమును ఇట్టి చెల్లింపులకు తప్పనిసరి చేసెను. నేడది ఎక్కువగా ఓటీపీ రూపమున ఫోనునకు వచ్చుచున్నది. ఒక్క చెల్లింపునకే, కొద్ది నిమిషములే అది చెల్లును. దాచుకొన్నను దొంగకు ప్రయోజనము లేదు. కనుకనే మోసగాడు బ్యాంకు ఉద్యోగినని ఫోనుచేసి, అప్పటికప్పుడు మనచేతనే దానిని చెప్పించుకొనును.

ఇచట ఒక మెలిక కలదు. తప్పు బ్యాంకుదియు ఖాతాదారునిదియు కానిచో, సందేశమందిన మూడు పనిదినములలో తెలిపినవారికి నష్టబాధ్యత లేదని 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు. ఓటీపీ తానే చెప్పినచో, బ్యాంకునకు తెలుపువరకు పోయినదంతయు ఖాతాదారుడే భరింపవలెను. తెలిపిన పిదప జరుగు నష్టము బ్యాంకుది. స్కాలర్‌షిప్ పోగొట్టుకొన్న విద్యార్థి సిగ్గుపడి ఇంట చెప్పకుండుట సహజమే. ఆ మౌనమునకు వెల మాత్రము అతడే చెల్లించును. వెంటనే 1930కి ఫోనుచేసినచో సొమ్ము చేతులు మారకమునుపే నిలుపు అవకాశముండును.

ఓటీపీ కాపలా విదేశీ అంగళ్ళవరకు పోదు. పెక్కుచోట్ల కార్డు అంకెలే చాలును. 2020 అక్టోబరు 1 నుండి కొత్తగా ఇచ్చు కార్డులలో ఆన్‌లైన్, విదేశీ వాడుకలు మూసియుండును. కోరినవారు తెరచుకొని, పని తీరగానే మరల మూయవచ్చును. ఆ మీట బ్యాంకు యాప్‌లోనే యున్నది.