పరిశోధక విద్యార్థులకు గ్రంథాలయంలో వ్యక్తిగత సహాయం

స్నాతకోత్తర విద్యార్థి పరిశోధనాంశం నిర్ణయమైన వెంటనే చేపట్టవలసిన పని పూర్వ సాహిత్య సమీక్ష. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు ఇందుకు సాధారణంగా తరగతి మొత్తానికి ఒక పరిచయ కార్యక్రమం నిర్వహిస్తాయి. జర్నళ్ల కోసం సెరాను, సిద్ధాంత గ్రంథాల కోసం కృషికోశ్‌ను ఎలా వినియోగించాలో అందులో తెలుస్తుంది. తన అంశాన్ని ఏ పదంతో వెదకాలో మాత్రం తెలియదు. అది ఒక్కొక్కరితో విడిగా కూర్చుని తేల్చవలసిన విషయం.

కందిలో వెర్రి తెగులుపై పనిచేసే విద్యార్థిని ఉదాహరణగా తీసుకుందాం. మన కళాశాలల వాడుక ప్రకారం అతడు 'రెడ్‌గ్రామ్' అని వెదకుతాడు. అంతర్జాతీయ సాహిత్యంలో అధిక భాగం 'పిజన్‌పీ' పేరుతో ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ప్రచురణలదీ అదే పేరు. ఇక వైరస్ పేరుతో మాత్రమే వెదకితే మరొక లోపం ఏర్పడుతుంది. ఈ తెగులు 1931లోనే నమోదైనప్పటికీ, కారకం వైరస్ అని రూఢి అయినది 2000 ప్రాంతంలో. అంతకు పూర్వపు వ్యాసాలు తెగులు పేరుతోనో, దానిని వ్యాపింపజేసే ఎరియోఫిడ్ నల్లి పేరుతోనో లభిస్తాయి. అవి కనబడనందున 'ఈ అంశంపై కృషి స్వల్పం' అని విద్యార్థి రాసుకుంటాడు. జరిగిన ప్రయోగాన్నే మళ్లీ తలపెడతాడు. రెండేళ్ల ఎమ్మెస్సీలో ఒక ఖరీఫ్ పోతే మరొకటి దొరకడం కష్టం. రంగనాథన్ పంచ సూత్రాలలో నాలుగవది పాఠకుని సమయాన్ని ఆదా చేయమని చెప్పినది ఇటువంటి సందర్భాలకే అనిపిస్తుంది.

ఈ సంభాషణలో గ్రంథాలయాధికారి ముందుగా వెదకడం కాదు, అడగడం చేయాలి. నిరోధక రకాల ఎంపికా, నల్లి నివారణా? ఇంతవరకు ఏ పదాలతో వెదికారు? ఏవి దొరికాయి? 'కంది తెగుళ్ల మీద పుస్తకాలు కావాలి' అని వచ్చిన విద్యార్థి నాలుగు ప్రశ్నల తరువాతగాని అసలు అవసరం చెప్పడు. 'ఏదైనా మందు చెప్పండి' అని వచ్చే రైతుతో మాట్లాడిన విస్తరణ శాస్త్రవేత్తలకు ఇది కొత్త కాదు. ఒకే పంటకు గల పలు పేర్లను కలిపి చూపే ఎఫ్.ఎ.ఓ. పదకోశం ఆగ్రోవాక్ ఈ దశలో ఎంతో అక్కరకు వస్తుంది.

కీబోర్డు విద్యార్థి చేతిలోనే ఉండాలి. వాడిన పదాలు, వెదకిన డేటాబేస్, తేదీ అతడే నమోదు చేసుకోవాలి. ప్రయోగ రూపకల్పన గురించి సలహా ఇవ్వడం మార్గదర్శకుని బాధ్యత. గ్రంథాలయాధికారి అందులో జోక్యం చేసుకోరాదు. పరిశోధన ప్రణాళికను సలహా సంఘానికి సమర్పించడానికి ముందే ఈ సమావేశం జరగాలి. విత్తనం వేసిన తరువాత దొరికే పాత వ్యాసం సమీక్షలో చేరుతుందేగాని ప్రయోగాన్ని మార్చలేదు.