మా అమ్మాయిని ఆ పాప పక్కన కూర్చోనివ్వాలా?

సమస్య

మాది తాడేపల్లిగూడెం. మా అమ్మాయి నాలుగో తరగతి. ఎల్‌కేజీ నుంచీ దానికి ఒక్కతే జట్టు, మా వెనక వీధి పాప. ఇద్దరూ ఒకే ఆటోలో వెళ్లి ఒకే బెంచీలో కూర్చునేవాళ్లు. నిరుడు వేసవిలో ఆ పాపకి జ్వరం విడవకుండా వస్తుంటే పరీక్షలు చేయించారు. రక్త క్యాన్సర్ అన్నారు. హైదరాబాద్‌లో నెలల తరబడి వైద్యం చేయించుకుని ఈమధ్యే మళ్లీ స్కూలుకి వస్తోంది. ఇంకా మందులు వాడుతూనే ఉందట. జుట్టు ఇప్పుడిప్పుడే మొలుస్తోంది, మొహం ఉబ్బి ఉంది, మాస్కు తియ్యదు.

తల్లుల వాట్సాప్ గ్రూపులో గొడవ మొదలైంది. కొందరు అడిగితే టీచరు ఆ పాపని ముందు బెంచీలో ఒక్కదాన్నే కూర్చోబెట్టారు. మా అమ్మాయి సంచీ తీసుకుని వెళ్లి పక్కన కూర్చుందట. “అంటని రోగమైతే మాస్కు ఎందుకమ్మా?” అంటున్నారు మా అత్తగారు.

అంటదని నాకు తెలుసండీ. నా భయం వేరు. రేపు ఆ పాపకి ఏదైనా అయితే నా బిడ్డ ఏమైపోతుంది? మొన్న రాత్రి, “అమ్మా, తను చచ్చిపోతుందా? నేను కటీఫ్ చెప్పానే, అందుకే వచ్చిందా?” అని అడిగింది. ఏం చెప్పాలో తెలీక కసిరి పడుకోబెట్టాను. సెక్షన్ మార్చమని హెడ్మాస్టరు గారికి అర్జీ రాసి పెట్టుకున్నాను, ఇంకా ఇవ్వలేదు. స్నేహం మరీ ముదరకముందే దూరం చేస్తే మంచిదేమో అనిపిస్తోంది. ఆ పాప వాళ్లమ్మ ఎదురైతే తల దించుకుని వెళ్లిపోతున్నాను. ఏం చెయ్యమంటారు?

– ఒక తల్లి

సలహా

అమ్మా, ముందు మీ అత్తగారికి జవాబు చెబుతాను. గ్రూపులో చాలామందిది అదే అనుమానం అయి ఉంటుంది. ఆ మాస్కు మీ పిల్లల దగ్గు, జలుబు ఆ పాపకి అంటకుండా పెట్టింది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్త క్యాన్సర్ ఎముకల లోపలి మజ్జలో పుడుతుంది. పక్కన కూర్చుంటే రాదు, చెయ్యి పట్టుకుంటే రాదు, ఒకే సీసాలో నీళ్లు తాగినా రాదు. కానీ దానికి వాడే మందులు రోగాల్ని ఎదిరించే తెల్లకణాల్ని కూడా తగ్గించేస్తాయి. మొదటి నెలల్లో వైద్యం గట్టిగా ఉంటుంది. ఆ తర్వాత ఏడాదిన్నర, రెండేళ్లు ఇంటిదగ్గరే మాత్రలు, మధ్యమధ్య రక్తపరీక్షలు, వెన్నులో ఇంజెక్షన్లు. ఈ దశలో చాలామంది పిల్లల్ని డాక్టర్లే బడికి వెళ్లమంటారు. మొహం ఉబ్బడం స్టెరాయిడ్ల వల్ల. అది తగ్గుతుంది, జుట్టూ వస్తుంది.

ఆ పాప నుంచి మీ పిల్లలకి ఏ ప్రమాదమూ లేదు. మీ పిల్లల నుంచి ఆ పాపకి ఉంది. అన్నిటికంటే భయపడాల్సింది ఆటలమ్మకి. అమ్మవారు పోసిందంటే మనవాళ్లు గుమ్మానికి వేపమండ కట్టి ఊరుకుంటారు, స్కూలుకి “జ్వరం” అని చెబుతారు. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అది అంటుతుంది. మీ అమ్మాయికైతే పదిరోజుల్లో తగ్గిపోతుంది. క్యాన్సర్ మందుల మీద ఉన్న బిడ్డకి ఊపిరితిత్తుల్లోకి దిగి ప్రాణం మీదికి తేవచ్చు. తట్టు కూడా అంతే. పక్కపిల్లకి వచ్చిందని వెంటనే తెలిస్తే ముందుజాగ్రత్తగా ఇవ్వడానికి డాక్టర్ల దగ్గర మందులున్నాయి. ఆలస్యంగా తెలిస్తే అవి అంతగా పనిచెయ్యవు. అందుకని మీ అమ్మాయి టీకా కార్డు ఇవాళే తీసి చూడండి. తట్టు టీకా ప్రభుత్వం ఉచితంగా వేస్తుంది. ఆటలమ్మ టీకా ఆ జాబితాలో లేదు, ప్రైవేటులో రెండు డోసులు వేయించాలి. గ్రూపులో మీరు పెట్టాల్సిన మెసేజ్ కూడా ఇదే: అందరూ కార్డులు చూసుకోండి, ఎవరింట్లో ఆటలమ్మ వచ్చినా ఆరోజే టీచరుకి చెప్పండి. ఆ పాపని బడి మాన్పించాలని ఎవరైనా అంటే, 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనీ బడి నుంచి వెళ్లగొట్టకూడదని చెప్పండి.

ఇక మీ భయం. అది తల్లి భయం, దాన్ని నేను తీసిపారెయ్యను. 1960ల మొదట్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో నూటికి పదిమంది కూడా దక్కేవారు కాదు. ఇవాళ వైద్యం బాగా అందే దేశాల్లో ఎనభైమందికి పైగా బతుకుతున్నారు. మన దేశంలో అంతమంది దక్కడం లేదు. ఆసుపత్రికి ఆలస్యంగా రావడం, డబ్బులేక మధ్యలో మానేయడం అందుకు పెద్ద కారణాలు. ఆ తల్లిదండ్రులు మానేయలేదు. కష్టమైన నెలలు దాటించి బిడ్డని బడిదాకా తెచ్చుకున్నారు. జబ్బు తిరగబెట్టదని మాత్రం ఎవరూ రాసివ్వలేరు.

ఒకవేళ తిరగబెడితే? సెక్షన్ మార్చినంత మాత్రాన మీ అమ్మాయికి ఆ కబురు తెలియకుండా పోదు. అప్పుడు ఏడుపుతోపాటు, “నేను దాన్ని వదిలేశాను” అన్న బాధ కూడా ఉంటుంది. అణుబాంబు పడ్డ హిరోషిమాలో రక్త క్యాన్సర్ బారిన పడ్డ సడాకో ససాకి అనే అమ్మాయి కథ వినే ఉంటారు. ఆసుపత్రిలో ఆమె మడిచిన కాగితపు కొంగల సంగతి అందరికీ గుర్తుంటుంది గాని, ఆమె తోటి పిల్లల గురించి తక్కువ చెబుతారు. రక్త క్యాన్సర్‌ని నయం చేసే మందు లేని కాలం అది. 1955లో పన్నెండేళ్లకి సడాకో పోయాక ఆ క్లాసు పిల్లలే కరపత్రాలు పంచి, దేశమంతటా బడుల్ని కదిలించి చందాలు పోగుచేశారు. 1958లో హిరోషిమా పార్కులో పిల్లల శాంతి స్మారకం నిలబెట్టారు. తమ దుఃఖాన్ని అలా పనిలో పెట్టారు. పిల్లలు మనం అనుకున్నంత బలహీనులు కారమ్మా. పక్కన పెద్దవాళ్లు నోరు మూసుకుని కూర్చుంటే మాత్రం నలిగిపోతారు.

కాబట్టి ఈ రాత్రి మీరే ఆ మాట ఎత్తండి. “నువ్వు కటీఫ్ చెప్పినందుకు రాలేదు. కోపం వల్ల, దిష్టి వల్ల ఈ జబ్బు రాదు. చాలామంది పిల్లలకి తగ్గుతుంది, తనకీ తగ్గుతుందని డాక్టర్లు మందులిస్తున్నారు. తప్పకుండా తగ్గుతుందా అంటే నాకూ తెలీదు. ఏం తెలిసినా నీకు చెబుతాను” అనండి. తొమ్మిదేళ్ల పిల్ల ఈ నిజాన్ని అర్థం చేసుకోగలదు. మొదటిమాట రెండుమూడుసార్లు చెప్పండి. తనవల్లే వచ్చిందేమోనన్న అనుమానం ఈ వయసు పిల్లల్లో ఒక్క రాత్రిలో పోదు.

ఆటల గురించీ చెప్పాలి. అలాంటి పిల్ల తిరిగొస్తే టీచర్లూ, పిల్లలూ జాలితో ఆటలో అరటిపండుని చేసేస్తారు. ఔటైనా ఔట్ అనరు, ఓడినా గెలిపిస్తారు. నెలల తరబడి రోగిగా బతికి వచ్చిన పిల్లకి అది ఎంత చిన్నతనమో మనం గుర్తించం. దెబ్బ తగిలే ఆటలు ఏవి కూడదో వాళ్లమ్మని అడిగి తెలుసుకోండి. ఆడదగ్గ ఆటలో ఔటైతే ఔట్ అనమని, అలిగితే అలగనివ్వమని మీ అమ్మాయికి చెప్పండి. మీ అమ్మాయి మళ్లీ కటీఫ్ చెప్పినా కంగారు పడకండి, మర్నాటికి వాళ్లే కలుస్తారు.

వాళ్లమ్మ ఎదురైతే ఆగండి. “ధైర్యంగా ఉండండి” అన్న మాట ఆవిడ చాలామంది నోట వినే ఉంటుంది. “రక్తపరీక్ష ఏ రోజు? ఆరోజు పోయిన పాఠాలు మా అమ్మాయి నోట్స్‌లో ఉంటాయి, పంపిస్తాను” అనండి. పండో, పిండివంటో పంపేముందు ఏది పెట్టవచ్చో అడగండి.

ఆ అర్జీ ఇవ్వకండి. హెడ్మాస్టరు గారి దగ్గరికి మాత్రం వెళ్లండి. ఆ పాపకి తన పాత బెంచీనీ, పక్కన మీ అమ్మాయినీ తిరిగి ఇవ్వమని అడగండి. ఇది చదివే మిగతా తల్లిదండ్రులారా, మీకూ ఒక మనవి: మీ ఇంట్లో అమ్మవారు పోస్తే దాచకండి, ఆరోజే బడికి ఫోన్ చేసి చెప్పండి.