విశాఖ మిద్దెతోటలు

పాఠ్యాంశ పరిచయం

సేద్యం పల్లెకు మాత్రమే పరిమితమనే అభిప్రాయం ఒకప్పుడు ఉండేది. నేడు నగరవాసులు మేడలపై కూరగాయలు పండిస్తున్నారు. సముద్రతీర నగరమైన విశాఖపట్నంలో ఈ పని చేసేవారికి మట్టి, నీరు, విత్తనం ఎంత అవసరమో, వాతావరణ సమాచారమూ అంతే అవసరం. ఆ సమాచారాన్ని పరస్పరం పంచుకోవడంలోని ప్రయోజనాన్ని ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు" అని తెలుగువారి సామెత. చేరువలో ఉన్నదాని విలువను మనిషి గుర్తించడని దీని భావం. విశాఖపట్నంలో ఆ పెరడే క్రమంగా అరుదైపోయింది. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. 1971 జనవరి 20న ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ఉపాధి కోసం పరిసర జిల్లాల పల్లెల నుంచి ఎన్నో కుటుంబాలు తరలివచ్చాయి. పెంకుటిళ్ళ స్థానంలో మేడలు, మేడల స్థానంలో బహుళ అంతస్తుల భవనాలు వెలిశాయి. నేలమీద చోటు కరవైనప్పుడు పెరడు మేడపైకి చేరింది. దానినే నేడు మిద్దెతోట అంటున్నారు.

ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి కుండీలలో నింపడంతో మిద్దెతోట ఆరంభమవుతుంది. అయితే అసలు ప్రశ్న ఆ తరువాతనే ఎదురవుతుంది. విత్తనం ఎప్పుడు నాటాలి? రథసప్తమి నాటికి చిక్కుడుపాదు కోత చివరి దశకు వస్తుంది. ఆనాడు చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకులలో సూర్యునికి నైవేద్యం పెట్టడం తెలుగువారి ఆచారం. చలి తగ్గి ఎండ పదునెక్కే ఈ సమయంలోనే ఆనప, బీర, కాకర, బెండ విత్తనాలు నాటుతారు.

ఈ విషయంలో ఆలస్యం చేయడానికి వీలులేదు. ఆనప, బీర పాదులు నాటిన 50 నుంచి 60 రోజులకు కాపునకు వస్తాయి. ఫిబ్రవరి మూడవ వారంలో నాటితే ఏప్రిల్ మూడవ వారం నాటికి కాయలు కోయవచ్చు. మార్చి చివర నాటిన పాదు మాత్రం మే నెల మండుటెండల్లో పూతకు, పిందెకు రావలసి ఉంటుంది. పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే టమాటా పూత రాలిపోతుంది. నెల రోజుల తేడాతో ఒక కుటుంబం వేసవి పంటనంతా పోగొట్టుకోవచ్చు.

పూర్వం రైతులు ఈ కాలనిర్ణయానికి కార్తెలను ఆశ్రయించారు. చాంద్రమాన సంవత్సరం సౌర సంవత్సరం కంటె సుమారు 11 రోజులు చిన్నది. ఆ లోటును అధికమాసంతో పూరిస్తారు. అందువల్ల మాఘమాసం ఒక సంవత్సరం జనవరి ద్వితీయార్ధంలోను, మరొక సంవత్సరం ఫిబ్రవరి రెండవ వారంలోను మొదలవుతుంది. కార్తెలు అలా మారవు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే 13 లేక 14 రోజుల కాలమే కార్తె. 27 నక్షత్రాలకు 27 కార్తెలు. ఋతువులు సూర్యుని అనుసరించి వస్తాయి కనుక విత్తుకు తిథికంటె కార్తె నమ్మదగినదని రైతులు గ్రహించారు. "రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి" అనే నానుడి మే 25 ప్రాంతంలో మొదలయ్యే ఎండతీవ్రతకు హెచ్చరిక.

అయితే కార్తె తరతరాల అనుభవపు సగటును మాత్రమే తెలుపుతుంది. ఈ సంవత్సరం, ఈ వారం ఏమి జరగబోతున్నదో చెప్పడం దానికి సాధ్యం కాదు. ఆ పని వాతావరణ శాఖది. విశాఖపట్నం ఉష్ణోగ్రతలను ఆ శాఖ వాల్తేరులోను, విమానాశ్రయంలోను వేరువేరుగా నమోదు చేస్తుంది. వేసవి మధ్యాహ్నాలలో తీరానికి దగ్గరగా ఉన్న వాల్తేరుకంటె విమానాశ్రయం వద్ద ఎక్కువ వేడి నమోదుకావడం పరిపాటి. నేల త్వరగా వేడెక్కుతుంది; సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది. అందువల్ల పగటివేళ సముద్రం నుంచి చల్లని గాలి భూమివైపు వీస్తుంది. ఆ గాలి లోపలికి పోయేకొద్దీ వేడెక్కుతుంది. ఒకే నగరంలో రెండు చోట్ల రెండు వాతావరణాలు ఉండటానికి ఇది ఒక కారణం.

ఈ కారణంగానే పొరుగు తోటమాలి మాటకు విలువ ఏర్పడింది. పెదవాల్తేరులోని మేడమీద సముద్రపు గాలి ఉప్పుతుంపరలను మోసుకువస్తుంది. లేత ఆకుల అంచులు మాడుతాయి. సాయంత్రం మంచినీటితో ఆకులను కడగడం అక్కడివారు అనుభవంతో నేర్చిన ఉపాయం. ఓడరేవు పరిసరాలలో బొగ్గు, ముడి ఇనుము దుమ్ము ఆకులపై పేరుకుని వెలుతురును అడ్డగిస్తుంది. అక్కడ కూడా కడగడమే మందు. పెందుర్తి వైపు ఉప్పు బాధ లేదు. ఎండ బాధ ఎక్కువ. అక్కడివారు కుండీలలోని మట్టిపై ఎండుటాకులు పరచి తేమను కాపాడుతారు.

బీరపూలు సాయంకాలం వికసిస్తాయి. ఎత్తైన మేడలపైకి కీటకాలు తగినన్ని రానప్పుడు పిందెలు నిలవవు. అప్పుడు మగపువ్వును కోసి, అడుగున చిన్న పిందె ఉన్న ఆడపువ్వుకు దాని పుప్పొడిని అద్దాలి. బెండ ఆకుల ఈనెలు పసుపుపచ్చగా మారితే అది తెల్లదోమ వ్యాపింపజేసే శంఖురోగం. ఆ మొక్కను వెంటనే పీకివేసి, తక్కిన వాటిపై లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె కలిపి చల్లాలి. తెల్లదోమ గోడలను లెక్కచేయదు. ఒక మేడపై కనిపించిన రోగాన్ని పక్క మేడవారికి తెలియజేయడం మర్యాద మాత్రమే కాదు, ఆత్మరక్షణ కూడా.

విశాఖలో సగటున అత్యధిక వర్షపాతం అక్టోబరులో నమోదవుతుంది. తుపానులు వచ్చే కాలం కూడా అదే. 1864లో కలకత్తాను, మచిలీపట్నాన్ని తుపానులు నాశనం చేశాయి. మరుసటి సంవత్సరం కలకత్తా రేవులో తుపాను హెచ్చరికలు ఆరంభమయ్యాయి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. 1974లో విశాఖపట్నంలో తుపాను హెచ్చరికల కేంద్రాన్ని నెలకొల్పారు. రేవులలో ఎగురవేసే ప్రమాద సూచికలకు 1 నుంచి 11 వరకు సంఖ్యలు ఉన్నాయి. ఓడలకోసం ఏర్పడిన ఆ సూచికలు నేడు మిద్దెతోట యజమానికీ ఉపకరిస్తున్నాయి. పిట్టగోడపై ఉంచిన కుండీ పెనుగాలికి వీధిలోకి ఎగిరిపడితే ప్రాణాంతకం కాగలదు. హెచ్చరిక వినగానే కుండీలను కిందికి దించి, పందిరిని విప్పి, కాసిన కాయలను కోసుకోవాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగపు గాలులతో విశాఖపట్నం వద్ద తీరం దాటింది. నగరంలోని వేలాది వృక్షాలు నేలకూలాయి. నిలిచిన చెట్లు ఆకులు కోల్పోయి మోడులయ్యాయి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు 10,000 మంది మరణించారు. హుద్‌హుద్ నాటికి ముందస్తు హెచ్చరికలు, తరలింపుల వల్ల ఆంధ్రప్రదేశ్‌లో మృతుల సంఖ్య వందకు లోపే ఉన్నది. సకాలంలో అందిన మాట ప్రాణాలను నిలుపుతుందనడానికి ఇదే నిదర్శనం.

అయితే హెచ్చరిక మనుషులను కాపాడినంతగా మొక్కలను కాపాడలేదు. వేళ్ళతో పెకలిన పాదును తిరిగి నిలబెట్టడం సాధ్యం కాదు. విత్తనం ఉంటే మాత్రం పాదు మళ్ళీ లేస్తుంది. ఒకే ఇంట దాచిన విత్తనం ఒక్క వర్షానికి తడిసి పాడుకావచ్చు. పది ఇళ్ళకు పంచిన విత్తనం ఎక్కడో ఒకచోట మిగులుతుంది. మాఘమాసంలో పొరుగువారికి గుప్పెడు ఆనపగింజలు ఇచ్చినవారు తమ పంటను తగ్గించుకోవడం లేదు. తమ విత్తనానికి మరొక ఇంట చోటు కల్పిస్తున్నారు. ఎండవానల కబురు విషయంలోనూ ఇదే న్యాయం వర్తిస్తుంది.

కఠిన పదాలకు అర్థాలు

కార్తె : సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే కాలం
నానుడి : సామెత, లోకంలో వాడుకలో ఉన్న మాట
పరిపాటి : అలవాటుగా జరిగేది
ఉప్పెన : సముద్రం పొంగి భూమిపైకి రావడం
పిట్టగోడ : మేడపై అంచున కట్టే పొట్టి గోడ

ప్రశ్నలు

1. విత్తనాలు నాటడానికి తిథికంటె కార్తె నమ్మదగినదని రైతులు ఎందుకు భావించారు?
2. విశాఖపట్నంలో వాల్తేరు, విమానాశ్రయాల ఉష్ణోగ్రతలలో తేడాకు కారణమేమి?
3. మిద్దెతోట యజమానులు పరస్పరం సమాచారం పంచుకోవడం వల్ల కలిగే ప్రయోజనాలను వివరించండి.
4. "పది ఇళ్ళకు పంచిన విత్తనం ఎక్కడో ఒకచోట మిగులుతుంది." ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.

వ్యాకరణాంశాలు

అత్యధిక = అతి + అధిక : యణాదేశ సంధి
మిద్దెతోట = మిద్దెయందలి తోట : సప్తమీ తత్పురుష సమాసం